ప్రాసెసర్ పగ్గాలు ఎవరి చేతిలో?

ఆపరేటింగ్ సిస్టమ్ కంప్యూటర్‌ను నడిపిస్తుందని అందరం అంటాం. ఈ మాట గురించి కాసేపు ఆలోచిస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఒక ప్రోగ్రామే. బ్రౌజర్ లాగా, పాటలు వినిపించే యాప్ లాగా అదీ మెమొరీలో ఉండే ఆదేశాల వరసే. ప్రాసెసర్‌లో ఒకే కోర్ (ఆదేశాలను అమలు చేసే భాగం) ఉందనుకుందాం. అది ఒక సమయంలో ఒక ప్రోగ్రామ్ ఆదేశాలనే అమలు చేస్తుంది. బ్రౌజర్ ఆదేశాలు నడుస్తున్నాయంటే ఆ క్షణంలో ఆపరేటింగ్ సిస్టమ్ నడవడం లేదన్నమాట. మరి నడవని ప్రోగ్రామ్ నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఎలా అదుపు చేస్తుంది? బ్రౌజర్ మొండికేసి ప్రాసెసర్‌ను వదలకపోతే లాక్కునేదెవరు?

ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాలు మామూలుగా ఒక జాబితాతో మొదలవుతాయి: ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రాముల) నిర్వహణ, మెమొరీ నిర్వహణ, ఫైళ్లు, పరికరాలు. జాబితాలో తప్పేమీ లేదు. కానీ దాన్ని కంఠతా పట్టిన విద్యార్థిని కూడా పై ప్రశ్న తికమక పెడుతుంది. నా ఉద్దేశంలో అసలు విషయమంతా దాని జవాబులోనే ఉంది. అది బోధపడితే జాబితాలోని మిగతావి ఎందుకు పుట్టాయో తేలిగ్గా తెలుస్తుంది.

మొదట్లో ఈ సమస్యే లేదు. యంత్రం మీద ఒకసారికి ఒకే పని నడిచేది. 1956లో జనరల్ మోటార్స్‌లో ఐబీఎం 704 కంప్యూటర్ కోసం తయారైన వ్యవస్థను మొదటి ఆపరేటింగ్ సిస్టమ్‌గా చాలామంది లెక్కిస్తారు. ఒక పని అయ్యాక ఇంకో పనిని మనిషి చేయి పెట్టకుండా మొదలుపెట్టించడమే దాని ప్రధాన బాధ్యత. ఒకే యంత్రాన్ని చాలా ప్రోగ్రాములు ఒకే సమయంలో పంచుకోవాల్సి వచ్చినప్పుడు అసలు కథ మొదలైంది.

పంచుకోవడానికి ఒక పద్ధతి మంచితనం మీద ఆధారపడటం. ప్రతి ప్రోగ్రామ్ కాసేపు పనిచేసుకుని, తనంతట తాను ప్రాసెసర్‌ను వదిలేయాలి. విండోస్ 3.1లో యాప్‌లు ఇలాగే నడిచాయి. యాపిల్ కంప్యూటర్లలోనూ మ్యాక్ ఓఎస్ 9 దాకా ఇదే పద్ధతి. దీని లోపం చెప్పకుండానే తెలుస్తుంది. ఒక్క యాప్ లోపల ఎక్కడో తిరుగుతూ ఉండిపోతే చాలు, మొత్తం యంత్రం బిగుసుకుపోతుంది. మిగతా యాప్‌లలో ఏ లోపమూ లేకపోయినా వాటికి వంతు రాదు. రీస్టార్ట్ చేయడం తప్ప వేరే దారి ఉండదు.

రెండో పద్ధతిలో ప్రోగ్రాముల మంచితనంతో పనిలేదు. విచిత్రం ఏమిటంటే ఇది మొదటిదానికంటే కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961 నవంబరులోనే దీన్ని చూపించింది. వాళ్ల సీటీఎస్ఎస్ వ్యవస్థలో చాలామంది ఒకే యంత్రం మీద ఒకేసారి పనిచేసుకోగలిగారు. ఈ పద్ధతి కీలకమంతా ఒక చిన్న హార్డ్‌వేర్ పరికరంలో ఉంది. అదే టైమర్.

టైమర్ ఏం చేస్తుందో దగ్గరి నుంచి చూద్దాం. బ్రౌజర్ నడుస్తోంది. టైమర్ గడువు తీరింది. వెంటనే ప్రాసెసర్‌కు ఒక విద్యుత్ సంకేతం వెళ్తుంది. దీన్ని ఇంటరప్ట్ అంటారు. ప్రాసెసర్ చేతిలో ఉన్న ఆదేశాన్ని ముగించి, తర్వాతి ఆదేశం ఎక్కడుందో రాసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత బ్రౌజర్‌ను వదిలేసి, ముందే నిర్ణయించిన ఒక చోటికి దూకుతుంది. అక్కడ ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్. అది ప్రాసెసర్ రిజిస్టర్లలో (లోపల అంకెలు పెట్టుకునే చిన్న అరల్లో) బ్రౌజర్ వదిలి వెళ్లిన అంకెలన్నిటినీ జాగ్రత్తగా దాస్తుంది. ఇప్పుడు ఎవరి వంతో చూసి, ఆ ప్రోగ్రామ్ తాలూకు పాత అంకెలను రిజిస్టర్లలోకి తెచ్చి పెట్టి, అది ఆగిన చోటి నుంచి నడిపిస్తుంది. మళ్లీ వంతు వచ్చినప్పుడు బ్రౌజర్‌కు మధ్యలో తాను ఆగిన సంగతే తెలియదు. గడియారం అడిగి చూసుకుంటే తప్ప కనిపెట్టలేదు.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ టైమర్ సెకనుకు 250 సార్లు మోగేలా పెట్టడం మామూలే. అంటే 4 మిల్లీసెకన్లకు ఒకసారి. మనకది కన్నురెప్ప వేసే సమయంలో చిన్న ముక్క. సెకనుకు 300 కోట్ల సార్లు కొట్టుకునే ప్రాసెసర్ గడియారం మాత్రం ఆ వ్యవధిలో 1.2 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అందుకే వంతులు ఇంత గబగబా మారుతున్నా ఒక్కో ప్రోగ్రామ్ చేతికి బోలెడంత సమయం వస్తుంది. మనకేమో పాట, డౌన్‌లోడ్, టైపింగ్ అన్నీ కలిసి సాగుతున్నట్టే ఉంటుంది.

ఇక్కడ తెలివైన పాఠకులు అడ్డు తగలాలి. బ్రౌజర్ కూడా ప్రాసెసర్ మీద నడిచే ఆదేశాలే కదా, మరి అది టైమర్‌నే ఆపేస్తే? దూకాల్సిన చోటును మార్చేస్తే? ఇది చాలా సరైన ప్రశ్న. టైమర్ ఒక్కటే ఉంటే ఏమీ లాభం లేదు. అందుకే ప్రాసెసర్ లోపల రెండు హోదాలు పెట్టారు. పై హోదాలో ఏ ఆదేశమైనా నడుస్తుంది. కింది హోదాలో కొన్ని ఆదేశాలు అసలు నడవవు. టైమర్‌ను ముట్టుకోవడం, ఇంటరప్ట్‌లను ఆపడం, పరికరాలతో నేరుగా మాట్లాడటం ఇలాంటివన్నీ నిషేధం. కింది హోదాలో ఉన్న ప్రోగ్రామ్ వాటిని ప్రయత్నిస్తే ప్రాసెసరే దాన్ని ఆపి, విషయాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పజెబుతుంది. పై హోదాలో నడిచే ఆ ముఖ్యభాగం పేరు కెర్నల్.

మరి కెర్నల్‌కు ఆ హోదా ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. అది ముందుగా వచ్చింది, అంతే. స్విచ్ వేయగానే ప్రాసెసర్ పై హోదాలోనే మేల్కొంటుంది. కంప్యూటర్‌లోని ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే ఉండే మొదటి కోడ్), బూట్‌లోడర్ (కెర్నల్‌ను మెమొరీలోకి తెచ్చే ప్రోగ్రామ్) దాన్ని తీసుకొచ్చి కెర్నల్ చేతిలో పెడతాయి. కెర్నల్ టైమర్‌ను అమరుస్తుంది, ఇంటరప్ట్ వస్తే ఎక్కడికి దూకాలో పట్టికలో రాస్తుంది. ఆ తర్వాతే హోదా తగ్గించి మొదటి మామూలు ప్రోగ్రామ్‌ను వదులుతుంది. అక్కడి నుంచి కెర్నల్ చాలాసేపు ఊరికే ఉంటుంది. ఎవరైనా పిలిచినప్పుడో, టైమర్ మోగినప్పుడో, కీబోర్డు లాంటి పరికరం తట్టినప్పుడో, ఎవరైనా గీత దాటినప్పుడో లేస్తుంది. మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. ఎప్పుడూ నడుస్తూ ఉండటం వల్ల దానికి అదుపు రాలేదు. ఏ దారిన పోయినా చివరికి తన దగ్గరికే వచ్చేలా ముందే దారులు కట్టుకోవడం వల్ల వచ్చింది.

కింది హోదాలో ఉన్న ప్రోగ్రామ్ డిస్క్‌ను ముట్టుకోలేదు కాబట్టి ఫైల్ రాయాలంటే కెర్నల్‌ను అడగాల్సిందే. ఆ అడగడమే సిస్టమ్ కాల్. ఇంటెల్, ఏఎమ్‌డీ 64 బిట్ ప్రాసెసర్ల మీద నడిచే లినక్స్‌లో దీనికి ఒక క్రమం ఉంది. రాయమని అడిగే కోరిక నంబరు 1, చదవమని అడిగేదాని నంబరు 0. ప్రోగ్రామ్ ఒక రిజిస్టర్‌లో 1 వేసి, ఏ ఫైల్‌లోకి, మెమొరీలో ఎక్కడి నుంచి, ఎన్ని బైట్లు అన్నది మిగతా రిజిస్టర్లలో పెట్టి, ఒక ప్రత్యేక ఆదేశం ఇస్తుంది. ఆ ఆదేశంతో హోదా మారడం, కెర్నల్ తలుపు దగ్గరికి దూకడం రెండూ ఒకేసారి జరుగుతాయి. హోదా పెంచుకుని తన సొంత కోడ్‌ను నడుపుకునే వీలు ప్రోగ్రామ్‌కు ఎక్కడా దొరకదు. ఈ రెంటినీ విడదీయకుండా ఉంచడం చాలా అందమైన ఆలోచన అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మెమొరీ విషయంలోనూ ఇదే సూత్రం. ఒక వీధిలోని 12వ నంబరు ఇల్లు, పక్క వీధిలోని 12వ నంబరు ఇల్లు వేరువేరు ఇళ్లు. రెండు ప్రోగ్రాములు వాడే ఒకే అడ్రస్ కూడా అంతే. ప్రోగ్రామ్ వాడే అడ్రస్‌ను అసలు మెమొరీలోని చోటుగా మార్చే పట్టికను కెర్నల్ రాస్తుంది, ప్రాసెసర్ ప్రతిసారీ దాన్ని చూస్తుంది. మెమొరీని పేజీలనే ముక్కలుగా కోస్తారు, చాలా కంప్యూటర్లలో ఒక్కో పేజీ 4096 బైట్లు. పట్టికలో లేని పేజీని ముట్టుకుంటే ప్రాసెసర్ కెర్నల్‌ను లేపుతుంది. ఆ పేజీ డిస్క్ మీద ఉంటే కెర్నల్ దాన్ని తెచ్చి పెట్టి, ఆగిన ఆదేశాన్నే మళ్లీ నడిపిస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ది కాని చోటైతే దాన్ని అక్కడికక్కడే మూసేస్తుంది. మనం ‘యాప్ క్రాష్ అయింది’ అనే సందర్భాల్లో చాలా వాటి వెనక జరిగేది ఇదే. ఈ ఆలోచన 1962లో మాంచెస్టర్‌లో మొదలైన అట్లాస్ కంప్యూటర్‌ది. దానిలో వేగవంతమైన మెమొరీ 16 వేల పదాలకు (పదం అంటే యంత్రం ఒకేసారి తీసుకునే అంకెల గుంపు) మించి లేదు. దానికంటే నెమ్మదైన డ్రమ్ (అయస్కాంత పూత ఉండే తిరిగే పీపా) మీద ఇంకో 96 వేల పదాలు ఉండేవి. టామ్ కిల్‌బర్న్ బృందం ఆ రెంటినీ కలిపి ఒకే పెద్ద మెమొరీలా ప్రోగ్రాములకు చూపించింది.

ఎవరి వంతు ఎప్పుడన్నది తేల్చే భాగం షెడ్యూలర్. పైకి చిన్న లెక్కలా కనిపించినా ఇది ఎంత తిరకాసు పెట్టగలదో 1997లో అంగారకుడి మీద తేలింది. నాసా పంపిన పాత్‌ఫైండర్ నౌక జులై 4న అక్కడ దిగింది. కొద్ది రోజులకే దానిలోని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ అవడం మొదలైంది. రీసెట్ అయినప్పుడల్లా ఆ రోజు చేయాల్సిన పని మిగిలిపోయేది.

ఆ నౌకలో వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది. దానిలో ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఉంటుంది, ఎక్కువ ప్రాధాన్యం ఉన్నది సిద్ధంగా ఉంటే తక్కువది తప్పుకోవాలి. వాతావరణ కొలతలు చూసే పని ప్రాధాన్యం తక్కువ. సమాచారాన్ని అటూ ఇటూ చేరవేసే పని ప్రాధాన్యం చాలా ఎక్కువ. ఈ రెండూ ఒకే వనరును వాడుకోవాలి, కాబట్టి దానికి ఒక తాళం ఉంది. వాతావరణం పని తాళం వేసుకుని ఉండగా పెద్ద పని వచ్చి, తాళం తీసేదాకా ఆగుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. సరిగ్గా అప్పుడే మధ్యస్థ ప్రాధాన్యం ఉన్న మూడో పని లేస్తే? దానికి తాళంతో సంబంధం లేదు. తనకంటే చిన్నదైన వాతావరణం పనిని పక్కకు నెట్టి తాను నడుస్తుంది. చిన్న పని నడవదు కాబట్టి తాళం రాదు, తాళం రాదు కాబట్టి పెద్ద పని కదలదు. అంటే మధ్యలోని పని అందరికంటే పెద్దదాన్ని ఆపేసింది. పెద్ద పని సమయానికి ముగియలేదని గమనించిన ఇంకో పని, ఏదో ఘోరం జరిగిందనుకుని మొత్తాన్ని రీసెట్ చేసేది.

ఇంజినీర్లు భూమి మీద ఉన్న నకలు యంత్రంలో అదే పరిస్థితిని తెప్పించి కారణం పట్టుకున్నారు. దీనికి మందు అప్పటికే తెలుసు. పెద్ద పని తన కోసం కాచుకుని ఉన్నంతసేపు చిన్న పనికి ఆ పెద్ద ప్రాధాన్యాన్నే అరువివ్వాలి. అప్పుడు మధ్యలోది దాన్ని నెట్టలేదు, తాళం త్వరగా వదులుతుంది. వీఎక్స్‌వర్క్స్‌లో ఈ సౌకర్యం ఉంది, ఆ తాళానికి మాత్రం ఆన్ చేయలేదు. భూమి నుంచి పంపిన మార్పుతో అంగారకుడి మీదే దాన్ని ఆన్ చేశారు. రీసెట్లు ఆగాయి.

కెర్నల్ ఇచ్చే హామీలకూ హద్దులున్నాయి. ఫైల్‌ను సేవ్ చేయగానే అది డిస్క్ మీదికి వెళ్లిపోయిందని అనుకుంటాం. నిజానికి కెర్నల్ చాలాసార్లు దాన్ని మెమొరీలో ఉంచుకుని, కొన్ని సెకన్ల తర్వాత మరికొన్నిటితో కలిపి రాస్తుంది. వేగం కోసం చేసే పని ఇది. పెన్‌డ్రైవ్‌ను చెప్పకుండా లాగేయొద్దని అనేది ఇందుకే.

ఇంతకంటే పెద్ద హద్దు కెర్నల్ లోపలే ఉంది. మామూలు ప్రోగ్రామ్ గీత దాటితే కెర్నల్ దాన్ని మూసేస్తుంది. కెర్నల్ హోదాలో నడిచే కోడే తప్పు అడ్రస్‌ను ముట్టుకుంటే సర్దడానికి పైన ఎవరూ లేరు. అలాంటప్పుడు విండోస్ ఒక హెచ్చరిక తెర (చాలా ఏళ్లపాటు అది నీలిరంగులో ఉండేది) చూపించి యంత్రాన్ని ఆపేస్తుంది, ఎందుకంటే పాడైన స్థితిలో కొనసాగితే డిస్క్ మీది ఫైళ్లు కూడా పాడవ్వొచ్చు. 2024 జులై 19న జరిగింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం కెర్నల్ హోదాలో నడుస్తుంది. దానికి పంపిన ఒక అప్‌డేట్ వల్ల ఆ భాగం తనది కాని మెమొరీని చదవబోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల్లో పనులు స్తంభించాయి. చాలా యంత్రాలు బూట్ కూడా పూర్తి చేయలేకపోవడంతో ఒక్కోదాని దగ్గరికి మనిషి వెళ్లి సరిచేయాల్సి వచ్చింది.

కాబట్టి పై హోదాలో నడిచే కోడ్ ఎంత తక్కువగా ఉంటే అంత మంచిదనే వాదన చాలా కాలంగా ఉంది, నేనూ దాన్నే నమ్ముతాను. లినక్స్ కెర్నల్ కోడ్ రెండున్నర కోట్ల లైన్లు దాటింది. అందులో ఎక్కువ భాగం రకరకాల పరికరాలను నడిపే డ్రైవర్లే. దీనికి ఎదురుగా ఎస్‌ఈఎల్4 అనే చిన్న కెర్నల్ ఉంది. ఆస్ట్రేలియా పరిశోధకులు దాని సీ భాష కోడ్‌ను సుమారు 8,700 లైన్లలో ముగించారు. డ్రైవర్లను, ఫైల్ వ్యవస్థను బయటికి పంపి మామూలు ప్రోగ్రాముల్లా నడపొచ్చు. ఆ కోడ్ తన నిర్వచనం ప్రకారమే నడుస్తుందని 2009లో గణితపరంగా నిరూపించారు కూడా. ఆ నిరూపణ మాత్రం దాదాపు రెండు లక్షల లైన్లయింది. బయటికి పంపిన ప్రతి భాగంతో మాట్లాడాలంటే హోదా మారుతూ ఉండాలి, దానికి కొంత సమయం ఖర్చవుతుంది. పెద్ద కెర్నళ్లు ఇప్పటికీ పెద్దవిగానే ఉండటానికి ఇదొక కారణం. అయినా కదలిక మొదలైంది. మెమొరీ తప్పులను ముందే పట్టుకునే రస్ట్ భాషకు 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో చోటు దొరికింది. భద్రతా సాఫ్ట్‌వేర్‌ను విండోస్ కెర్నల్ బయట నడిపించే ఏర్పాటు చేస్తున్నామని మైక్రోసాఫ్ట్ 2024 నవంబరులో ప్రకటించింది.