కాటా కదలడం లేదని దిగులు పడుతున్న పిల్లలకు

కావలి

చిరంజీవులైన పిల్లలందరికీ,

అమ్మమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నెల్లూరు హాస్టల్లో ఉన్న అమ్మాయి మొదలు ఒంగోల్లో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి దాకా, ఈ మధ్య ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట. "మొదట్లో బాగానే తగ్గాను అమ్మమ్మా, ఇప్పుడెంత కడుపు మాడ్చుకున్నా కాటా కదలడం లేదు." ఆ వెంటనే ఇంకో మాట. "రేపట్నుంచి రాత్రి పూట కూడా మానేస్తాను." ఈ రెండో మాట విన్నప్పటి నుంచి నాకు గుబులుగా ఉంది. ఇన్నేళ్లు బళ్లో జీవశాస్త్రం చెప్పాను కదా, మీ ఒంట్లో ఏం జరుగుతోందో వివరంగా రాస్తాను. రాత్రి భోజనం మానేసే ముందు ఇది మొత్తం చదవండి.

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గామని మీరు సంబరపడ్డారు. అందులో ఎక్కువ భాగం నీళ్లే. మనం తిన్న అన్నంలోని చక్కెరను ఒళ్లు కాలేయంలోనూ కండల్లోనూ గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. పెద్దవాళ్లలో అది సుమారు అర కిలో దాకా ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు మూడు గ్రాముల దాకా నీరు నిలవుంటుంది. తిండి తగ్గించగానే ముందు ఖర్చయ్యేది ఈ నిల్వ, దాంతోపాటే నీరూ పోతుంది. అది అయిపోయాక మిగిలింది కొవ్వు, అది నిదానంగానే కరుగుతుంది. కాబట్టి మొదటి వారం వేగాన్ని లెక్కగా పెట్టుకుని తర్వాతి నెలల్ని కొలిస్తే నిరాశే మిగులుతుంది.

ఇక అసలు లెక్క. 85 కిలోల అబ్బాయి ఒంటికి రోజుకు 2400 కేలరీలు ఖర్చవుతున్నాయనుకోండి. వాడు 1800 తింటున్నాడు. లోటు 600. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి గనక పదమూడు రోజులకు ఒక కిలో కరగాలి. సరే, కొన్ని నెలల్లో వాడు పది కిలోలు తగ్గాడు. ఇప్పుడు వాడి ఒళ్లు చిన్నది. చిన్న ఒంటిని మోయడానికి, వెచ్చగా ఉంచడానికి తక్కువ చాలు. తగ్గిన ప్రతి కిలోకు రోజు ఖర్చు 20 నుంచి 30 కేలరీలు పడిపోతుంది. పది కిలోలకు 200, 300 పోయినట్టే. వాడు తినేది అదే 1800, కానీ లోటు మాత్రం సగం దాకా పడిపోయింది. ఇప్పుడు కిలో కరగాలంటే పాతిక రోజులు పట్టవచ్చు. వాడు ఏ తప్పూ చేయలేదు.

ఒళ్లు చిన్నదైనందుకు తగ్గాల్సిన దానికన్నా ఖర్చు ఇంకొంచెం ఎక్కువే తగ్గుతుంది. సోమశిల జలాశయానికి పైనుంచి వరద రాని ఏడాది కాలువలకు నీళ్లెలా వదులుతారో మీకు తెలుసు. వంతులు పెడతారు, ఉన్నది వచ్చే వర్షాల దాకా సరిపెడతారు. ఒళ్లు కూడా సరిగ్గా అలాగే పొదుపు చేస్తుంది. మీరు కావాలని సన్నబడుతున్నారో, కరువొచ్చి పస్తులుంటున్నారో దానికి తెలియదు. థైరాయిడ్ హార్మోన్ కాస్త తగ్గుతుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి. మీకు తెలియకుండానే కదలికలు తగ్గుతాయి. మెట్లెక్కే చోట లిఫ్ట్ ఎక్కుతారు, నిలబడి మాట్లాడేవాళ్లు కూర్చుని మాట్లాడతారు, కాళ్లూపడం కూడా మానేస్తారు. పొద్దున గంట వాకింగ్ చేసి మిగిలిన రోజంతా మంచం మీద వాలిపోతే, ఆ గంట లాభంలో చాలా భాగం అక్కడే పోతుంది.

ఈ పొదుపు ఎంత దూరం వెళ్తుందో తెలిసింది రెండో ప్రపంచ యుద్ధం చివర్లో. అమెరికాలోని మినసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది యువకులతో 1944, 45ల్లో ఒక ప్రయోగం చేశాడు. వాళ్లంతా ఇష్టపడి వచ్చినవాళ్లే. యుద్ధంలో ఆకలికి చిక్కిపోయిన జనాన్ని మళ్లీ ఎలా నిలబెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. 24 వారాలు రోజుకు సుమారు 1570 కేలరీలే పెట్టారు. చూడండి, ఈ అంకె మీలో కొందరు ఇప్పుడు తింటున్నదానికన్నా ఎక్కువ. బరువులో నాలుగో వంతు తగ్గారు. ఊరికే పడుకున్నా ఒంటికయ్యే ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. ఎండాకాలంలోనూ చలి అన్నారు. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు, కలలో కూడా తిండే. చీటికీ మాటికీ చిరాకు పడ్డారు. కాళ్లకు నీరు దిగింది. మొన్న మీలో ఒకమ్మాయి "యూట్యూబ్‌లో రోజంతా వంటల వీడియోలే చూస్తున్నాను అమ్మమ్మా" అని చెబితే నాకు వీళ్లే గుర్తొచ్చారు. అమ్మా, అది నీ మనసు బలహీనత అనుకోకు, ఆకలితో ఉన్న మెదడు చేసే పని అదే.

అయితే ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఖర్చు తగ్గడం వల్ల బరువు తగ్గే వేగం మందగిస్తుంది. అంతేగానీ అది ఒక్కటే కొన్ని నెలల్లో కాటాను పూర్తిగా ఆపలేదు. ఆపేది ఆకలి.

కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి. దీన్ని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. నిల్వలు బాగానే ఉన్నాయని మెదడుకు కబురు చెప్పేది ఇదే. కొవ్వు తగ్గితే ఆ కబురు సన్నబడుతుంది. మరోవైపు పొట్ట నుంచి వచ్చే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరుగుతుంది. చాలా తక్కువ తిండితో బరువు తగ్గిన వాళ్లను మెల్‌బోర్న్ పరిశోధకులు ఏడాది తర్వాత మళ్లీ పరీక్షిస్తే, అప్పటికీ ఈ హార్మోన్లు పాత స్థితికి రాలేదని తేలింది. అది 2011లో అచ్చయిన పరిశోధన. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త వేసిన అంచనా ప్రకారం, తగ్గిన ప్రతి కిలోకు ఆకలి రోజుకు సుమారు 100 కేలరీలు పెరుగుతుంది. పది కిలోలు తగ్గినవాడిని రోజుకు వెయ్యి కేలరీల ఆకలి లాగుతోందన్నమాట. ఎంత గట్టివాడైనా రోజంతా దాన్ని ఆపుకోవడం కష్టం. ఒక గరిటె అన్నం ఎక్కువ పడుతుంది, స్నేహితుడి ప్లేట్‌లోంచి రెండు మిరపకాయ బజ్జీలు వస్తాయి. అవి గుర్తు కూడా ఉండవు.

1992లో న్యూయార్క్‌లో దీన్ని కొలిచి చూశారు. రోజుకు 1200 కేలరీల లోపే తింటున్నా తగ్గడం లేదన్న పదిమందిని పరీక్షించారు. వాళ్ల ఒంటి ఖర్చు మామూలుగానే ఉంది. తింటున్నది మాత్రం వాళ్లు రాసుకున్నదానికి దాదాపు రెట్టింపు. వాళ్లు అబద్ధాలాడారని నేననుకోను. తిండిని కంటితో కొలవడం ఎవరికైనా కష్టమే. మన ఇళ్లలో అయితే మరీ కష్టం, ఎందుకంటే అసలు కేలరీలు నూనెలో దాక్కుంటాయి. టేబుల్ స్పూన్ నూనె 120 కేలరీలు. అంటే దాదాపు 100 గ్రాముల అన్నంతో సమానం. కారం దోశ చుట్టూ తిప్పి పోసే నూనెను ఎవరు లెక్కపెడతారు? చేపల పులుసు మానమని నేను చెప్పను, నెల్లూరు వాళ్లకు ఆ మాట చెప్పకూడదు కూడా. చేప ముక్క మీకు చాలా మంచిది. పైన తేలే నూనెను, పులుసు రుచికి రెండోసారి పెట్టించుకునే అన్నాన్ని మాత్రం చూసుకోండి.

ఇంకోటి, కొన్నిసార్లు కొవ్వు కరుగుతున్నా కాటా చూపించదు. ఆవకాయ, ఎండు చేపలు గట్టిగా తిన్న మర్నాడు ఉప్పు వల్ల ఒంట్లో నీరు నిలుస్తుంది. ఆడపిల్లలకు నెలసరి ముందు ఒకటి రెండు కిలోలు పెరగడం మామూలే. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినా కండల్లో నీరు చేరుతుంది. అందుకని రోజూ కాటా ఎక్కి టెన్షన్ పడేకంటే వారం సగటు రాసుకోండి, ఆడపిల్లలు పోయిన నెల ఇదే వారంతో పోల్చుకోండి. నడుం చుట్టుకొలత టేపుతో చూడండి. మూడు నాలుగు వారాలు రెండూ కదలకపోతేనే ఆగిందని అర్థం.

అప్పుడైనా తిండి ఇంకా కోయకండి. తక్కువ తిండితో తగ్గినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, కండ పోతే ఖర్చు ఇంకా పడిపోతుంది. కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి, కండతో పని చేయించాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చెప్పింది. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు, తిండి తగ్గించినప్పుడు ఇంకొంచెం ఎక్కువ కావాలి. గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 18 దాకా, గుప్పెడు కందిపప్పులో 6 గ్రాములు వస్తాయి. హాస్టల్‌లో దొరికే నీళ్ల చారుతో ఇది కుదరదు. అలసందల గుగ్గిళ్లు, ఉడికించిన గుడ్లు, పెరుగు విడిగా ఏర్పాటు చేసుకోండి, డబ్బులు నేను పంపిస్తాను. వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తండి, లేదా గుంజీళ్లు, దండీలు తీయండి. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, పరీక్షల రోజుల్లో కూడా ఏడు గంటలు పడుకోండి. మరీ అలిసిపోతే ఒకటి రెండు వారాలు బరువు నిలిచేంత తిని, మళ్లీ మొదలుపెట్టండి. ఆ వారాలు వృథా అని బాధపడొద్దు. తగ్గిన బరువును నిలుపుకోవడం తగ్గడం కంటే కష్టం, అది కూడా నేర్చుకోవాల్సిన పనే.

ఇంకా స్కూల్లో, ఇంటర్‌లో ఉన్న చిన్నవాళ్లకు మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. మీరింకా ఎదుగుతున్నారు. కేలరీలు కోయడం మీ పని కాదు. బరువు నిజంగా ఇబ్బంది అయితే అమ్మానాన్నలతో కలిసి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. పెద్దవాళ్లయినా రోజుకు 800 కేలరీల లోపు తిండి డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఎప్పుడూ చేయకూడదు. వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులుగా ఊడవచ్చు. నెలసరి ఆగిపోతే అది ఒళ్లు చేసే హెచ్చరిక, ఆ రోజే నాకు ఫోన్ చేయండి, మొహమాటపడొద్దు. సరిగ్గా తింటున్నా నెలల తరబడి కదలిక లేకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఆడపిల్లలు పీసీఓఎస్ గురించి, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయాల సమస్య గురించి అడగండి. స్టెరాయిడ్లు గానీ, మనసు జబ్బులకు మందులు గానీ వాడుతుంటే ఆ చీటీ కూడా డాక్టర్‌కు చూపించండి. కొన్ని మందులు బరువు పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు మందు ఆపేయకండి.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ వారం ఏం తిన్నారో, ఎన్ని గంటలు పడుకున్నారో చెప్పండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ