గళ్లు కలగలిపేస్తే ఏమవుతుంది?

శరీరంలో అనేక చోట్లకు పాకిన క్యాన్సర్ ఉన్న రోగి ఎంతకాలం జీవిస్తారో స్కాన్ బొమ్మను బట్టి కంప్యూటర్ చెప్పగలదా అని ఒక పాఠకురాలు అడిగారు. చెప్పగలిగేది సంభావ్యత మాత్రమే. అది అలాంటి బొమ్మలే ఉన్న వందలాది రోగుల అనుభవం నుంచి వస్తుంది కాబట్టి, దాన్ని ఒక్క మనిషి ఆయుష్షుకు జోస్యంగా తీసుకోవడం కొత్తరకం మూఢనమ్మకమే అవుతుంది.

సీటీ స్కాన్ బొమ్మలోని ప్రతి బిందువూ, ఆ చోటు ఎక్స్-కిరణాలను ఎంత అడ్డుకుంటుందో చెప్పే ఒక అంకె: హౌన్స్‌ఫీల్డ్ అనే కొలమానంలో నీటికి 0, గాలికి మైనస్ 1000. అయితే మందు పనిచేస్తోందో లేదో తేల్చే రెసిస్ట్ నిబంధనలు (2009లో సవరించినవి) గరిష్ఠంగా ఐదు కణితుల వ్యాసాలను కూడి, ప్రధానంగా ఆ మొత్తం కనీసం 30 శాతం తగ్గిందా వంటివే చూస్తాయి. కణితి లోపలి అమరిక ఆ లెక్కలోకి రాదు.

ఆ అమరికను అంకెగా మార్చే పద్ధతి నాకెంతో ఇష్టం. చదరంగం పలకలో 32 నల్ల గళ్లు, 32 తెల్ల గళ్లు ఉంటాయి. ఎడమ సగమంతా నలుపు, కుడి సగమంతా తెలుపు ఉన్న మరో పలకలోనూ అన్నే ఉంటాయి కనుక సగటు రంగు ఒక్కటే. ఇప్పుడు అడ్డంగా పక్కపక్కనున్న జతలను లెక్కపెట్టండి: వరుసకు 7 చొప్పున మొత్తం 56. చదరంగం పలకలో 56 జతల్లోనూ రెండు రంగులు ఉంటాయి. రెండో పలకలో అలాంటి జతలు 8 మాత్రమే. నలుపు తెలుపులకు బదులు అనేక బూడిద ఛాయలను, అడ్డంతోపాటు నిలువు, ఏటవాలు దిశలను తీసుకుంటే, రాబర్ట్ హరాలిక్ 1973లో సహచరులతో కలిసి ప్రతిపాదించిన కొలతల పట్టిక వస్తుంది. రక్తం అందక నడుమ కణాలు చనిపోయిన కణితికీ, అంతటా ఒకేలా ఉన్న కణితికీ తేడా అందులో అంకెల రూపంలో కనిపిస్తుంది.

2014లో 1,019 మంది ఊపిరితిత్తుల, తల-మెడ క్యాన్సర్ రోగుల బొమ్మల నుంచి 440 లక్షణాలను (కణితి పరిమాణం, ఆకారం, ఛాయల అమరిక వంటి కొలతలను) లెక్కించిన అధ్యయనం, స్కాన్ బొమ్మలను ఇలా అంకెలుగా మార్చి చదివే రంగానికి ఊపునిచ్చింది. అందులోంచి నాలుగు లక్షణాలను ఏరి, జీవితకాలాన్ని అంచనా వేసే సూత్రాన్ని తయారుచేశారు.

మళ్లీ పలక దగ్గరకు వద్దాం. గళ్లన్నీ ఊడదీసి ఇష్టమొచ్చినట్టు పేరిస్తే, రెండు రంగుల జతలు సగటున 28 దగ్గరకు చేరతాయి. అమరిక చెరిగిపోతుంది, పలక పరిమాణం మాత్రం మారదు. 2019లో కొందరు పరిశోధకులు కణితుల బొమ్మల్లోని అంకెలను సరిగ్గా ఇలాగే కలగలిపేసి 2014 నాటి ఆ సూత్రాన్ని పరీక్షించారు. దాని అంచనా శక్తి దాదాపు చెక్కుచెదరలేదు! అంటే అది ప్రధానంగా చూస్తున్నది అమరికను కాదు, కణితి ఘనపరిమాణాన్ని. గణాంకశాస్త్రం బోధించేవారు మొదటి పాఠంగా చెప్పవలసిన ప్రయోగం ఇది.

క్యాన్సర్ పలుచోట్లకు పాకినప్పుడు చిక్కు పెరుగుతుంది, ఎందుకంటే ఒకే రోగిలో ఒక కణితి కరుగుతుండగా మరొకటి పెరగవచ్చు. అందుకే కణితి వెలుపల దొరికే ఒక కొలత నన్ను ఎక్కువగా ఆకర్షిస్తుంది. నడుములోని మూడో వెన్నుపూస దగ్గరి అడ్డకోతలో మైనస్ 29 నుంచి 150 వరకు అంకెలున్న కండర బిందువుల వైశాల్యాన్ని కొలిచి, రోగి ఎత్తు వర్గంతో భాగిస్తారు. ఊబకాయం ఉన్నా కండ కరిగిపోయిన క్యాన్సర్ రోగులు తక్కువకాలం జీవించారని 2008 నాటి అధ్యయనం చూపింది. తూకంలో బరువుగానే కనిపించే ఆ శరీరాల్లో కొవ్వు ఎంతో, కండ ఎంతో విడదీసి చూపింది స్కానే.