పుస్తకం ఒకటే, అర్థాలే వేరు: బిజినెస్ అనాలిసిస్‌లో అపోహలు - వాస్తవాలు

అపోహ: క్లయింటు చెప్పింది డెవలపర్లకు చేరవేయడమే బీఏ (బిజినెస్ అనలిస్ట్) పని.

వాస్తవం: ఈ అపోహకు ఒకప్పుడు పుస్తకంలోనే కాస్త ఆధారం ఉండేది. బిజినెస్ అనలిస్టుల అంతర్జాతీయ సంస్థ ఐఐబీఏ 2009లో తెచ్చిన బాబోక్ గైడ్ (ఈ రంగానికి ఆ సంస్థ రాసిన మార్గదర్శక పుస్తకం) రెండో కూర్పు, వేర్వేరు వర్గాలను కలిపే అనుసంధానకర్త పనిగా బిజినెస్ అనాలిసిస్‌ను నిర్వచించింది. 2015లో వచ్చిన మూడో కూర్పు నిర్వచనంలో ఆ మాట లేదు. అవసరమేమిటో తేల్చడం, విలువనిచ్చే పరిష్కారాన్ని సిఫారసు చేయడం, అలా సంస్థలో మార్పు సాధ్యం చేయడం అని మార్చారు. సిఫారసు చేయాలంటే బీఏకి సొంత అంచనా ఉండాలి, అవసరమైతే క్లయింటుతో కాదనగలగాలి. ఉద్యోగ ప్రకటనలు చాలావరకు ఇంకా 2009 దగ్గరే ఆగిపోయాయి.

అపోహ: సిస్టమ్ ఏం చేయాలో రాస్తే అది రిక్వైర్‌మెంట్.

వాస్తవం: మూడో కూర్పు తెచ్చిన అసలు మార్పు ఇక్కడే ఉంది. అవసరాన్ని చూపేది రిక్వైర్‌మెంట్, పరిష్కారాన్ని చూపేది డిజైన్. "లాగిన్‌కి మొబైల్‌కు ఓటీపీ పంపాలి" అన్నది డిజైన్. దాని వెనకున్న అవసరం: "ఖాతాదారు తప్ప మరొకరు ఖాతాలోకి రాకూడదు." మొదటిది మాత్రమే రాసుకుంటే, ఇక్కడి సిమ్ పనిచేయని దేశానికి వెళ్లిన ఖాతాదారుకు ఓటీపీ అందని రోజున పంచాయితీ మొదలవుతుంది. అది లోపమా, ఛేంజ్ రిక్వెస్టా (ఒప్పుకున్న పనికి తర్వాత కోరే మార్పా), డబ్బెవరిస్తారు అని. అవసరం విడిగా రాసి ఉంటే దాన్ని ముట్టుకోకుండా డిజైన్ ఒక్కటే మార్చుకోవచ్చు.

గీత ఎక్కడ గీయాలో ప్రతిసారీ స్పష్టంగా ఉండదు, ఆ సంగతి బాబోకే ఒప్పుకుంటుంది. "ఎందుకు?" అని అడుగుతూ వెళ్లండి. జవాబుగా ఇంకో ఫీచర్ వస్తే మళ్లీ అడగండి. డబ్బు, చట్టం, నష్టం, సమయం వంటి మాట వచ్చిన చోట అవసరం దొరికినట్టే.

అపోహ: వెరిఫై, వాలిడేట్ రెండూ ఒకటే.

వాస్తవం: రిక్వైర్‌మెంట్ సరిగ్గా రాశామా అని చూడటం వెరిఫై. రాసింది వ్యాపార లక్ష్యానికి పనికొస్తుందా అని చూడటం వాలిడేట్. మొదటిది బీఏ, టెస్టర్ కూర్చుని ముగించవచ్చు. రెండోది బిజినెస్ వాళ్లు లేకుండా జరగదు.

అపోహ: ఈ రంగానికి ప్రమాణమంటే బాబోక్ ఒక్కటే.

వాస్తవం: ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సంస్థ పీఎంఐ 2017లో తన సొంత బిజినెస్ అనాలిసిస్ గైడ్ తెచ్చింది. రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్‌లో సర్టిఫికెట్లిచ్చే ఐరెబ్‌కు తన పదకోశం ఉంది. రిక్వైర్‌మెంట్లు ఎలా రాయాలో చెబుతూ ఐఎస్ఓ, ఐఈసీ, ఐఈఈఈ సంస్థలు కలిసి తెచ్చిన 29148 ప్రమాణం 2011లో వచ్చి, 2018లో సవరణ పొందింది. చాలామంది ఇప్పటికీ టెంప్లేట్‌గా వాడే పాత ప్రమాణం ఐఈఈఈ 830 స్థానంలో వచ్చింది అదే.

చిక్కు చిన్న మాటల దగ్గర వస్తుంది. 29148 లెక్కలో "షల్" అంటే తప్పనిసరి, "షుడ్" అంటే కోరిక, "విల్" అంటే జరగబోయే విషయం మాత్రమే. క్లయింటు మాత్రం "సిస్టమ్ విల్" అని నలభై వాక్యాలు రాసి, అన్నీ తప్పనిసరే అనుకుంటాడు. ఏ మాటకు ఏ బరువో డాక్యుమెంట్ మొదటి పేజీలోనే మూడు వరుసల్లో రాసెయ్యండి. అదే ప్రమాణం ప్రకారం ఒక్కో రిక్వైర్‌మెంట్ ఒక్క సంగతే చెప్పాలి, పరీక్షించి తేల్చగలిగేలా ఉండాలి. "సెర్చ్ త్వరగా రావాలి" అంటే తేల్చలేం. "500 మంది ఒకేసారి వాడుతున్నప్పుడు 100 సెర్చ్‌లలో కనీసం 95 సెర్చ్‌ల ఫలితాలు 2 సెకన్లలోపు రావాలి" అంటే టెస్టర్ తేల్చగలడు.

అపోహ: ప్రమాణంలోని పదకోశాన్ని అతికిస్తే ప్రాజెక్టుకు ఉమ్మడి భాష వచ్చేస్తుంది.

వాస్తవం: స్టేక్‌హోల్డర్ (ప్రాజెక్టుతో సంబంధమున్న వ్యక్తి) అంటే ఎవరో బాబోక్ చెబుతుంది. "విస్తీర్ణం" అంటే ఏమిటో చెప్పదు. ప్రాజెక్టులు దెబ్బతినేది ఎక్కువగా ఈ రెండో రకం మాటల దగ్గరే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంట రుణాలిచ్చే బ్యాంకు యాప్ అనుకుందాం. తెలంగాణ భూమి రికార్డు పహాణీలో 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఆంధ్ర అడంగల్‌లో అదే 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. ఎకరానికి 100 సెంట్లు. విస్తీర్ణాన్ని మామూలు దశాంశ సంఖ్యగా పెడితే ఆంధ్రలో లెక్క కుదురుతుంది, తెలంగాణలో తప్పుతుంది. రైతుకు 1.30 చొప్పున రెండు కమతాలుంటే మొత్తం 3 ఎకరాల 20 గుంటలు. కంప్యూటర్ మాత్రం 2.60 అంటుంది. అరవై గుంటలనేవి ఏ పహాణీలోనూ ఉండవు.

టెస్టింగ్‌లో ఇది ఎందుకు దొరకదంటే, టెస్టర్ 1.10, 1.10 కలిపి చూస్తాడు. 2.20 వస్తుంది, రెండు చోట్లా ఒప్పే.

కాబట్టి గ్లాసరీలో (ప్రాజెక్టు పదకోశంలో) ఒక్కో మాటకు ఇవి ఉండాలి: ఒక వాక్యంలో అర్థం, కొలమానం, అనుమతించే విలువలు (పూర్తి గుంటలైతే 0 నుంచి 39), ఏది దీని కిందికి రాదు, వాడుకలోని మారుపేర్లు, ఏ సిస్టమ్‌లో ఏ కాలమ్, అర్థం మార్చే అధికారం ఎవరిది. ఈ ఉదాహరణలో ఇంకొకటి చేర్చాలి: రికార్డులో ఉన్న అంకెను ఉన్నదున్నట్టు ఒక చోట, చదరపు గజాల్లోకి మార్చింది మరో చోట దాచాలి. గుంటకు 121 గజాలు, సెంటుకు 48.4.

మూడు వందల మాటలతో మొదలుపెట్టకండి, అంత పెద్దది ఎవరూ చదవరు. స్క్రీన్లలో, రిపోర్టుల్లో పదేపదే వచ్చే నామవాచకాలు ఇరవై, ముప్పై చాలు. ఒకే మాటకు రెండు విభాగాల వాళ్లచేత విడివిడిగా అర్థం రాయించండి. కలిపి కూర్చోబెట్టి అడిగితే పెద్దాయన చెప్పినదానికి అందరూ తలూపుతారు. తేడాలు వచ్చిన మాటల మీదే మీటింగ్ పెట్టండి.

అపోహ: అజైల్‌లో (చిన్న విడతల్లో సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతిలో) ఇవేవీ అక్కర్లేదు.

వాస్తవం: బాబోక్ మూడో కూర్పులోని ఐదు దృక్కోణాల్లో అజైల్ ఒకటి. అజైల్‌లో వాడేవారి అవసరాన్ని చెప్పే యూజర్ స్టోరీ అంటే కార్డు మీది వాక్యం ఒక్కటే కాదు, దాని చుట్టూ సంభాషణ, చివర్న నిర్ధారణ కూడా. ఆ సంభాషణలో "కస్టమర్" అన్న మాట తలా ఒక అర్థంతో వాడితే, రెండు వారాల స్ప్రింట్‌లో (ఒక విడత పనిలో) ఆ సంగతి బయటపడేది డెమో రోజునే.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే ఈ భాష వచ్చినట్టే.

వాస్తవం: ఐఐబీఏ ఇచ్చే సీబ్యాప్ సర్టిఫికెట్‌కు గత పదేళ్లలో 7,500 గంటల బీఏ అనుభవం అడుగుతారు, బాబోక్‌లోని ఆరు నాలెడ్జ్ ఏరియాల్లో (పని విభాగాల్లో) కనీసం నాలుగింట్లో 900 గంటల చొప్పున. పరీక్ష పాసైతే ఇంకో బీఏతో మాట తేలికవుతుంది. ఎరువుల డీలరుతో అవ్వదు.

అపోహ: అందుకే బిజినెస్ వాళ్లకీ బాబోక్ పదాలు నేర్పాలి.

వాస్తవం: ఆ పదాలు బీఏల మధ్య వాడుకోవడానికి. "ట్రాన్సిషన్ రిక్వైర్‌మెంట్లు చెప్పండి" (కొత్త సిస్టమ్‌కు మారేటప్పటి అవసరాలన్నమాట) అంటే బ్రాంచి మేనేజరు నోరు మెదపడు. "పాత రిజిస్టర్లలోని లెక్కలు ఎవరు ఎక్కిస్తారు? ఎక్కించే వారం రోజులూ కౌంటర్ ఎలా నడుస్తుంది?" అని అడిగితే అరగంట ఆపకుండా చెబుతాడు. డాక్యుమెంట్‌లో ట్రాన్సిషన్ అన్న శీర్షిక పెట్టుకోండి, దాని కింద మాత్రం ఆయన మాటలే రాయండి.