గడియ ఎందుకు రాలేదు?

మారతహళ్లిలో ఉంటున్న ఒక మిత్రుడు గత నెలలో నన్నొక ప్రశ్న అడిగారు. ఆదివారం హొసకోటె వైపు నీళ్లు తగ్గిన ఒక చెరువులో తన ఫోర్ వీల్ డ్రైవ్ బండిని దింపారట. వెనక చక్రం ఒండ్రులో కూరుకుపోయి గిర్రున తిరగడం మొదలుపెట్టేసరికి రెండు వెనక చక్రాలనూ ఒకే వేగంతో తిరిగేలా కట్టేసే డిఫరెన్షియల్ లాక్ స్విచ్చు నొక్కారు. బండి బుద్ధిగా గట్టెక్కింది. గట్టెక్కాక స్విచ్చు ఆపారు కాని, లాక్ పడిందని చెప్పే డాష్‌బోర్డు మీది పసుపుపచ్చ దీపం ఆరలేదు. ఇరవై కిలోమీటర్లకు పైగా అలాగే ఇంటికి వచ్చారు. దారిలో ప్రతి మలుపులోనూ వెనక టైర్లు మూలిగాయి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంటులోని నున్నటి గచ్చు మీద బండిని తిప్పబోతే అది కీచుమంటూ నిటారుగా పోవడానికే మొగ్గు చూపింది. "స్విచ్చు ఆపినా లాక్ ఎందుకు విడలేదు? అది చెడిపోయిందా, లేక ఎక్కడో పట్టుకుందా?" అన్నది ఆయన సందేహం. ఈ సందేహంలోని రెండో సగమే నాకు ఎక్కువ నచ్చింది.

ఇంజను బలాన్ని ఇరుసుకు రెండు పక్కలా ఉన్న చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌లో ఏ గేరు ఎక్కడ ఉంటుందో బొమ్మలతో చూపే పాఠాలు కోకొల్లలు కనుక ఆ పని నేను పెట్టుకోను. ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే యంత్రనిపుణుడు 1820ల చివర్లో ఆవిరిబండి కోసం పేటెంటు పొందిన ఈ అమరిక నేటికీ మూలసూత్రంలో మారలేదు. అయితే ఇంజనీరింగు తరగతుల్లో దాని బొమ్మను మార్కుల కోసం వేయించే అధ్యాపకులు చాలామంది ఒక్క ముక్క చెప్పడం మరిచిపోతారు. డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ వేర్వేరు వేగాలను అనుమతిస్తుంది కాని, తిప్పుడు బలాన్ని మాత్రం ఎప్పుడూ సమానంగానే పంచుతుంది. బురదలో ఉన్న చక్రం ఏ బలాన్నీ నిలుపుకోలేదు కనుక గట్టినేల మీద ఉన్న చక్రానికీ దాదాపు ఏమీ దక్కదు. ఆ సమధర్మాన్ని తాత్కాలికంగా రద్దు చేసేదే లాక్. దమ్ము చేసే ట్రాక్టరు నడిపినవారికి ఇది కొత్త కాదు, వారు మడమతో తొక్కే చిన్న పెడలు ఇదే.

చాలా బండ్లలో ఈ లాక్ పళ్లున్న ఒక కాలరు మాత్రమే. దీన్ని డాగ్ క్లచ్ అంటారు. స్విచ్చు వేసినప్పుడు గాలి పీడనమో, కేబులో, చిన్న మోటారో కాలరును పట్టుకుని ఉండే ఒక కవను, అంటే ఫోర్కును, నెడుతుంది. ఫోర్కు కాలరును జరుపుతుంది. కాలరు పళ్లు ఎదుటి గాడుల్లోకి దిగి, ఒక పక్క చక్రపు రాడ్డును తిప్పే సన్ గేరునూ డిఫరెన్షియల్ డబ్బానూ ఒకటిగా కట్టిపడేస్తాయి. అక్కడితో రెండు సన్ గేర్ల మధ్య ఉండే స్టార్ గేర్లు తిరగడం ఆగిపోయి రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించినట్టు తిరుగుతాయి. లాక్ వేయడానికి ఇంత ఏర్పాటు ఉన్నా, దాన్ని తీయడానికి చాలా రకాల్లో ఒక్క స్ప్రింగు మాత్రమే ఉంటుంది. నెట్టే బలాన్ని తీసేస్తే స్ప్రింగు కాలరును వెనక్కి లాగాలి. అది లాగలేకపోవడమే మన సమస్య.

దీన్ని అర్థం చేసుకోవడానికి పాత ఇంటి తలుపు గడియను మించిన ఉపమానం నాకు దొరకలేదు. గాలివాన రోజున బయటి నుంచి గాలి తలుపును లోపలికి తోస్తుంటే, లోపల ఉన్న మనం గడియను ఎంత లాగినా అది రాదు. గడియకు ఏ జబ్బూ లేదు. తలుపు బరువంతా దాని పక్కభాగం మీద ఆని ఉండటం వల్ల ఇనుముకూ ఇనుముకూ మధ్య రాపిడి మన వేళ్ల బలాన్ని మించిపోయింది, అంతే. పెద్దవాళ్లు ఏం చేసేవారో గుర్తు తెచ్చుకోండి. భుజంతో తలుపును ఒక్క పిసరు బయటికి నెట్టి, అదే క్షణంలో గడియను ఒంటివేలితో తీసేవారు. డాగ్ క్లచ్ పన్ను గడియ అయితే, స్ప్రింగు మన వేలు. మరి తలుపును తోసే గాలి ఎక్కడి నుంచి వచ్చింది?

అది మలుపుల నుంచి వచ్చింది. బండి మలుపు తిరిగినప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోతుందని అందరికీ తెలుసు. ఎంత ఎక్కువ అన్నది లెక్క వేస్తే ఒక ముచ్చటైన విషయం బయటపడుతుంది. ఆ తేడా రెండు చక్రాల మధ్య వెడల్పును బండి తిరిగిన కోణంతో గుణించినంత ఉంటుంది, మలుపు విశాలమైనదా ఇరుకైనదా అన్నదానితో దానికి సంబంధమే లేదు. వెడల్పు ఒకటిన్నర మీటర్లు అనుకుంటే, ఫ్లైఓవర్ దిగే విశాలమైన వంపులోనైనా, సందు మూలలోనైనా, 90 డిగ్రీలు తిరిగేసరికి తేడా 2.36 మీటర్లే. 75 సెంటీమీటర్ల వ్యాసమున్న టైరు చుట్టుకొలత కూడా సరిగ్గా 2.36 మీటర్లే. అంటే ఒక్క కుడిమలుపు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే ఒక పూర్తి చుట్టు ఎక్కువ తిరగాలి. లాక్ పడి ఉన్నప్పుడు ఆ అదనపు చుట్టు తిరిగే వీలు లేదు. బురదలోనైతే టైరు జారి ఆ బాకీ తీర్చేస్తుంది. తారు మీద టైరు గట్టిగా పట్టుకుంటుంది కనుక, జారే లోపల డిఫరెన్షియల్ నుంచి చెరో చక్రానికీ పోయే యాక్సిల్ రాడ్లు రెండూ ఎదురెదురు దిశల్లో మెలిపడతాయి.

ఎంత మెలిపడతాయో చూద్దాం. ఒక్కో చక్రం మీద 500 కిలోల బరువు ఉందనీ, గచ్చుకూ టైరుకూ ఘర్షణ గుణకం 0.8 అనీ అనుకుందాం. టైరు జారకుండా నిలబడగలిగే బలం దాదాపు 4,000 న్యూటన్లు. దాన్ని 37.5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గుణిస్తే 1,500 న్యూటన్-మీటర్ల మెలి వస్తుంది. 30 మిల్లీమీటర్ల మందం, 70 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఉక్కు రాడ్డు ఆ మెలికి సుమారు తొమ్మిదిన్నర డిగ్రీలు తిరుగుతుంది. ఒక పక్క చక్రం ముందుకీ, రెండో పక్క చక్రం వెనక్కీ లాగుతున్నాయి కనుక, ఒక పక్కనే లాక్ ఉన్న అమరికలో కాలరు మోయవలసింది రెండింటి తేడాను, అంటే 3,000 న్యూటన్-మీటర్లను. కాలరు పళ్లు కేంద్రం నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే వాటి పక్కల మీద పడే ఒత్తిడి 60,000 న్యూటన్లు, అంటే ఆరు టన్నుల బరువంత. ఆయిలు తడి ఉన్న ఉక్కు మీద ఘర్షణ గుణకం 0.1 అనుకున్నా, కాలరును పక్కకు జరపడానికి 600 కిలోల బరువంత బలం కావాలి. ఆ పని చేయవలసిన స్ప్రింగును మనం చేత్తో నొక్కగలం.

కాబట్టి స్ప్రింగును తిట్టి లాభం లేదు, తలుపును నెట్టాలి. తేడా అంతా తిరిగిన కోణం మీదే ఆధారపడింది కనుక, తిరిగిన కోణాన్ని వెనక్కి తిప్పితే బాకీ కూడా వెనక్కి తిరుగుతుంది. రెండు రాడ్ల మెలి కలిపి 19 డిగ్రీలు. టైరు అంచు వద్ద అది 12 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. దాన్ని ఒకటిన్నర మీటర్లతో భాగిస్తే బండి ముఖం అటు తిరగవలసిన కోణం ఐదు డిగ్రీల లోపే. టైరు రబ్బరు కూడా కొంత సాగుతుంది కనుక ఇంకొంచెం ఎక్కువ అనుకుందాం. స్విచ్చు ఆపి, యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసి, నడక వేగంతో వెనక్కి పోతూ స్టీరింగును కుడికీ ఎడమకూ ఆడించమని అనుభవజ్ఞులు చెప్పే చిట్కాకు మూలం ఇదే. ముఖం అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ మెలి ఒక దిశ నుంచి మరో దిశకు మారుతూ మధ్యలో ఒక్క క్షణం సున్నా అవుతుంది. స్ప్రింగు కాచుకుని ఉండేది ఆ క్షణం కోసమే. ట్రాక్టరు రైతు కుడి బ్రేకునూ ఎడమ బ్రేకునూ మార్చి మార్చి తట్టడం కూడా ఇదే పని.

ఇక్కడ నిమ్మకాయల ప్రస్తావన తప్పదు. మిత్రుడి అపార్ట్‌మెంటులోనే మరొకరి బండికి నిరుడు లాక్ ఇలాగే పట్టుకుందట. దిష్టి తగిలిందని ఎవరో అంటే, ఆయన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండిని కదిలించారు. ఒక కాయ టైరు కింద పడక పక్కకు దొర్లింది. దాన్ని సరిగ్గా తొక్కించడానికి ఆయన వెనక్కి వచ్చి, స్టీరింగు ఇటు తిప్పి, అటు తిప్పి, మళ్లీ ముందుకు పోయారు. టక్‌మని లాక్ విడింది. అప్పటి నుంచి ఆ బ్లాకులో నిమ్మకాయలకు మెకానిక్కు హోదా దక్కింది. నిమ్మకాయకు ఇందులో వాటా లేదని నేనూ అనను. అది లేకపోతే ఆయన రివర్సు గేరు వేసేవారే కాదు.

మా మిత్రుడు మాత్రం నిమ్మకాయలు తొక్కించారు, రివర్సులో ఇరవైసార్లు స్టీరింగు ఆడించారు, అయినా దీపం ఆరలేదు. అప్పుడు రెండు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, దీపం నిజం చెబుతోందా అన్నది. కాలరు స్థానాన్ని చూసి దీపం వెలిగించే చిన్న స్విచ్చు తుప్పుపట్టి అబద్ధం చెప్పడం అరుదు కాదు. ముందు చక్రాలకు అటూ ఇటూ గట్టి దిమ్మలు పెట్టి, వెనక ఇరుసును స్టాండ్ల మీద నిలిపి, ఇంజను ఆపి గేరులో ఉంచి, ఒక వెనక చక్రాన్ని చేత్తో తిప్పాలి. హ్యాండ్‌బ్రేకు సాధారణంగా వెనక చక్రాలనే పడుతుంది కనుక దాన్ని వదిలేయాలి, అందుకే దిమ్మలు తప్పనిసరి. రెండో చక్రం ఎదురు దిశలో తిరిగితే లాక్ విడే ఉంది, దీపానిదే తప్పు. చక్రం కొద్దిగా ఊగి ఆగిపోతే లాక్ పడే ఉంది. మిత్రుడి బండిలో చక్రం ఆగిపోయింది.

రెండో సంగతి గడియ భాషలో చెబితే సులువు. తలుపును ఎవరూ తోయకపోయినా గడియ రావడం లేదంటే, గడియనే ఎవరో ఇంకా పట్టుకుని ఉండాలి, లేదా గడియ వంగి ఉండాలి. వంగడమంటే ఫోర్కు వంగడం, పళ్ల అంచులు నలిగి మొండిబారడం, స్ప్రింగు విరగడం. ఇవన్నీ ఇరుసు విప్పితే తప్ప తెలియవు కనుక చివరికి వాయిదా వేయాలి. పట్టుకుని ఉండటమంటే, కేబులు తొడుగులోకి మట్టినీళ్లు చేరి బిగిసిపోవడం, మోటారు వెనక్కి తిరగకపోవడం, లేదా గాలి బయటికి పోకపోవడం. ఆయన బండిలో తర్వాత బిగించినది గాలితో పనిచేసే లాక్.

మదనపల్లె నుంచి వచ్చి కె.ఆర్. పురంలో షెడ్డు నడుపుతున్న ఒక మెకానిక్కును బేస్‌మెంటుకు పిలిపించాం. మేము చేసినవన్నీ విని ఆయన, "లోపల నుంచి తోస్తానే ఉంటే మీరు ఎంత తిప్పినా యాడొస్తాది సార్? ముందు గాలి తీసి చూడాల" అన్నారు. గాలి లాక్‌లో కరెంటుతో గాలి దారిని మార్చే సొలెనాయిడ్ వాల్వుకు మూడు దారులుంటాయి. కంప్రెసరు నుంచి వచ్చేది ఒకటి, లాక్‌కు పోయేది ఒకటి, స్విచ్చు ఆపినప్పుడు లాక్‌లోని గాలిని బయటికి వదిలే చిన్న రంధ్రం ఒకటి. ఆ మూడోది పూడుకుపోతే ఆరేడు బార్ల పీడనం గొట్టంలోనే బందీగా ఉండిపోయి, స్విచ్చు ఆపిన సంగతి ఫోర్కుకు తెలియనే తెలియదు. ఆయన లాక్‌కు పోయే గొట్టాన్ని వాల్వు వద్ద ఊడదీశారు. తుస్సుమని గాలి పోయింది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. మేము ముగ్గురం బండిని రెండడుగులు వెనక్కి తోశాం. ఇరుసులోంచి టక్‌మని చప్పుడు వచ్చింది, దీపం ఆరింది.

పిన్నీసుతో పొడిస్తే ఆ రంధ్రంలోంచి మిరియపు గింజంత ఎర్రమట్టి ఎండి ఊడిపడింది. పనిలో పనిగా ఆయన ఇరుసు ఆయిలు బిరడా విప్పి వేలు ముంచి చూశారు. ఇరుసుకు గాలి ఆడే బ్రీదరు కూడా మట్టితో మూసుకుపోతే, 80 డిగ్రీల వేడి మీదున్న ఇరుసు చెరువు నీటిలో 30 డిగ్రీలకు చల్లారేసరికి లోపలి పీడనం ఏడో వంతు పడిపోయి, ఆయిలు కారకుండా ఆపే సీళ్ల సందుల్లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. అలాంటి ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటుంది. ఇది మాత్రం నల్లగా, జిగటగా, శుభ్రంగానే ఉంది. వాల్వును మడ్‌గార్డు కింద రంధ్రం పైకి చూసేలా బిగించి ఉండటం ఆయన కంటపడింది. దాన్ని విప్పి, రంధ్రం నేల వైపు ఉండేలా తిప్పి బిగించి, స్విచ్చును పదిసార్లు వేసి తీయించారు. పదిసార్లూ తుస్సుమంది.