చీజ్-ఇట్ క్రాకర్లు: అపోహలు – వాస్తవాలు

బిస్కట్ల తయారీ నా వృత్తి. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఎర్రపెట్టెలో వచ్చే చీజ్-ఇట్ గురించే. ఇవి చీజ్ కలిపి కాల్చిన చిన్న చదరపు క్రాకర్లు, అంటే కరకరలాడే ఉప్పు బిస్కట్లు. ఎంతో ఇష్టంగా తినే తిండి గురించి ఇన్ని పొరపాటు మాటలు ప్రచారంలో ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: దీన్ని కెల్లాగ్స్ కనిపెట్టింది.

వాస్తవం: కెల్లాగ్స్ 2001లో కీబ్లర్ అనే బిస్కట్ల సంస్థను కొన్నప్పుడు ఇది దాని చేతికి వచ్చింది. అప్పటికే ఈ క్రాకర్ వయసు ఎనభై ఏళ్లు. ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో గ్రీన్ అండ్ గ్రీన్ అనే బేకరీ కంపెనీ 1921లో దీన్ని తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి గట్టి రొట్టెలు కాల్చి పంపిన సంస్థ అది. కాల్చిన బ్రెడ్డు మీద కరిగిన చీజ్ పోసి తినే వెల్ష్ రేర్‌బిట్‌ను గుర్తుచేస్తూ దీన్ని ‘బేక్డ్ రేర్‌బిట్’ అని ప్రచారం చేశారు. ఆ తర్వాత యజమానులు చాలామంది మారారు. ఘనత మాత్రం డేటన్ బేకరీదే.

అపోహ: ఆ నారింజ రంగంతా చీజ్‌దే.

వాస్తవం: నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఏ రంగూ కలపని చెడ్డార్ చీజ్ వెన్నలా లేత పసుపులో ఉంటుంది. దానికి నారింజ ఛాయ తెచ్చేది అనాటో, అంటే మన మన్యంలో కూడా పండే జాఫ్రా గింజల రంగు. పిండిలో కలిపే పాప్రికా, అంటే కారం తక్కువైన ఎర్రమిరప పొడి, ఆ రంగును ఇంకా ముదురు చేస్తుంది. అలాగని చీజ్ లేదనుకోకండి. వెన్న తీసిన పాలతో చేసిన చీజ్ నిజంగానే పిండిలో ఉంటుంది. కాల్చేటప్పుడు అందులోని ప్రొటీన్లూ పాల చక్కెరా వేడికి కలిసి అంచులను గోధుమరంగుకు తిప్పుతాయి. ఒక ముక్కను విరిచి చూడండి: అంచు ముదురుగా, నడుమ లేతగా కనిపిస్తుంది. రుచిలో ఘాటైన భాగం ఆ అంచులోనే ఉంటుంది.

అపోహ: మధ్యలోని రంధ్రం అలంకారం.

వాస్తవం: అది లేకపోతే ఓవెన్‌లో పుట్టే ఆవిరికి దారి దొరక్క క్రాకర్ పూరీలా పొంగుతుంది. పైపొర సన్నబడి, త్వరగా మాడి, పెట్టెలోనే పొడైపోతుంది.

అపోహ: చీజ్ పాలతో చేసిందే కదా, శాకాహారులు నిశ్చింతగా తినవచ్చు.

వాస్తవం: పాలను విరిచే ఎంజైమును పూర్వం దూడ పొట్టనుంచి తీసేవారు. అదే పని చేసే, సూక్ష్మజీవుల ద్వారా తయారయ్యే కైమోసిన్ అనే ఎంజైముకు అమెరికాలో 1990లో అనుమతి వచ్చింది. ఇప్పుడు అక్కడి చీజ్‌లో ఎక్కువ భాగం దానితోనే చేస్తున్నారు. అయినా పెట్టె మీద ‘ఎంజైములు’ అని మాత్రమే రాస్తారు, మూలం చెప్పరు. నియమం గట్టిగా పాటించేవారు కంపెనీకి రాసి అడగడమే సరైన మార్గం.

అపోహ: నూనెలో వేయించలేదు కాబట్టి ఎంతైనా తినవచ్చు.

వాస్తవం: నూనె పిండిలోనే ఉంది. 27 ముక్కలకు, అంటే 30 గ్రాములకు, సుమారు 150 కేలరీలు, 8 గ్రాముల కొవ్వు.

అపోహ: రకాలన్నీ ఒకటే, పెట్టె బొమ్మ మాత్రమే వేరు.

వాస్తవం: వైట్ చెడ్డార్‌లో రుచి పైన చల్లిన పొడిలో ఉంటుంది, వేలికి అంటుతుంది. స్నాప్డ్‌ను చిప్స్‌లా పలుచగా చేస్తారు. ఎక్స్‌ట్రా టోస్టీని మరింత ఎర్రగా కాలుస్తారు. అసలు రకం తర్వాత నేను మొదట సిఫారసు చేసేది దాన్నే, ఎందుకంటే చీజ్‌కూ ఓవెన్‌కూ మధ్య జరిగే పని అందులోనే బాగా తెలుస్తుంది.