మనోవర్తి బకాయి: పన్నెండో నెల దాటనివ్వకండి

మొన్న సోమవారం మా లాయరాఫీసుకి ఒకావిడ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఫ్యామిలీ కోర్టు ఆర్డరు కాపీ, ఇచ్చినరోజు ఎలా ఉందో అలాగే ఉంది. నెలకు 8,000 మనోవర్తి. ఆర్డరొచ్చి మూడేళ్లయింది, భర్త ఒక్క నెల కూడా కట్టలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా?" అన్నాను.

"పేరుకోనిద్దామని మేడం. ఒకేసారి వసూలు చేస్తే పిల్ల పెళ్లికి పనికొస్తుందని మా ఆడపడుచు చెప్పింది."

ఆడపడుచంటే ఎవరు, ఆ భర్త అక్కే కదా! సలహా ఎవరింట్లోంచి వచ్చిందో ఆవిడకి నేను అడిగేదాకా తట్టలేదు.

ఈ కథ నేను నెలకొకసారైనా వింటాను. చెప్పేవాళ్లు మారతారంతే. పక్కింటివాళ్లు, ఊరి పెద్దమనుషులు, ఒక్కోసారి భర్తే ఫోన్ చేసి "అంతా కలిపి ఒకేసారి ఇచ్చేస్తాలే" అంటాడు. అందుకే మనోవర్తి మీద ఉన్న మిగతా అపోహల కంటే ముందు దీని సంగతి చెప్తాను.

అపోహ: బకాయి ఎంత పేరుకుంటే అంత మంచిది, కోర్టు ఎప్పుడైనా మొత్తం వసూలు చేసిపెడుతుంది.

వాస్తవం: పాత సి.ఆర్.పి.సి. (క్రిమినల్ కోర్టులు ఎలా నడవాలో చెప్పే చట్టం) 125(3) సెక్షన్‌లో ఒక షరతు ఉంది. 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బి.ఎన్.ఎస్.ఎస్.లో 144వ సెక్షన్‌లోనూ అదే ఉంది. డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోగా పిటిషన్ వేస్తేనే కోర్టు వారంట్ ఇస్తుంది. అంటే ఆవిడకి రావాల్సింది 36 నెలలకు 2,88,000. వారంట్ మీద అడగగలిగింది వెనక్కి పన్నెండు నెలలు, 96,000. మిగిలిన 1,92,000కి ఈ దారి మూసుకుపోయింది.

ఆ లెక్క కాగితం మీద రాసి చూపించినప్పుడు ఆవిడ ఏడవలేదు. కవరు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకే మంచినీళ్లు తాగాలనిపించింది.

పాత బాకీ మీద హక్కు పోయినట్టు కాదు. 2013లో పూంగోడి కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది: గడువు దాటితే పోయేది వారంట్, జైలు అనే వసూలు పద్ధతి మాత్రమే, సివిల్ దారి ఉంటుంది. 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో కూడా మనోవర్తి ఆర్డరును సివిల్ డిక్రీలా, అంటే బాకీ కేసులో సివిల్ కోర్టు ఇచ్చే తీర్పులా, అమలు చేయొచ్చన్నారు. కానీ ఆ దారిలో ఆస్తి వెతుక్కోవాలి, అటాచ్‌మెంట్ (జప్తు) అడగాలి, వాయిదాలు లెక్కపెట్టుకోవాలి. జైలు భయంతో మూడో వాయిదాకి డబ్బు తెచ్చే మనిషి సివిల్ నోటీసుకి అంత తొందరగా కదలడు.

ఇంకో చిన్న సంగతి. ఒకసారి గడువులోగా పిటిషన్ వేస్తే, అది నడుస్తుండగా పేరుకున్న కొత్త బకాయిలకు మళ్లీ మళ్లీ విడిగా వేయనక్కర్లేదని 2005లో సుప్రీంకోర్టే అంది. అయినా నా క్లయింట్లతో నేను ప్రతి పదకొండో నెలలో ఒకటి వేయిస్తాను. మా గుమస్తా గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి పెడతాడు. అతనికి ఉన్నంత చాదస్తం అందరికీ ఉండాలి.

అపోహ: జైలుకెళ్లొస్తే బాకీ చెల్లు.

మగవాళ్లు ఎక్కువగా నమ్మే మాట ఇది. "నెల రోజులు కూర్చుని వస్తాను, ఆ తర్వాత ఏం చేస్తుందో చూస్తాను" అని కోర్టు వరండాలో గట్టిగానే అంటుంటారు. కుల్దీప్ కౌర్ కేసులో 1988లోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. జైలు అనేది కట్టించడానికి పట్టే పట్టు, కట్టినట్టు రసీదు కాదు. బయటికొచ్చాక బాకీ అలాగే ఉంటుంది.

అపోహ: వారంట్ ఇచ్చారంటే పోలీసులే వెతికి పట్టుకుంటారు.

పట్టుకోరు. ఉన్న పని చాలదన్నట్టు పాత అడ్రసు మీద ఎవరు తిరుగుతారు? "ఇంటికి తాళం", "సదరు వ్యక్తి ఊళ్లో లేడు" అని వారంట్ తిరిగొస్తుంది. ఇప్పుడుంటున్న అడ్రసు, ఫొటో, పనిచేసే చోటు మీరే ఇవ్వాలి. అతను బెంగళూరు వెళ్లిపోయాడని వదిలేయకండి. మనిషి ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు ముందు ఆర్డరు అమలు చేయించుకునే వీలు చట్టంలోనే ఉంది. నా క్లయింట్ ఒకామె భర్త రెండేళ్లు దొరకలేదు. తమ్ముడి గృహప్రవేశానికి వస్తున్నాడని ఆమెకి తెలిసింది. వారంట్ పట్టుకుని కానిస్టేబుల్ పులిహోర వడ్డించే వేళకి వెళ్లాడు. చుట్టాల ముందు పరువు పోతుందని అన్నదమ్ములే తలా కొంత వేసి ఆ సాయంత్రానికి మొత్తం కట్టేశారు.

జీతం ఉన్నవాడైతే ఇంకా తేలిక. మామూలు అప్పు కంటే మనోవర్తి డిక్రీకి జీతం ఎక్కువ అటాచ్ చేయొచ్చు: మూడింట ఒక వంతు మాత్రమే అతనికి వదలాలి. జీతమిచ్చే ఆఫీసు అడ్రసు తెచ్చుకోండి చాలు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. హైకోర్టులో రివిజన్ (కింది కోర్టు ఆర్డరును మళ్లీ చూడమనే పిటిషన్) వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు, స్టే ఆర్డరు చూపించమనండి. విడాకులైనా, మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు, తనను తాను పోషించుకోలేని భార్యకి మనోవర్తి ఉంటుంది. లాయరు ఫీజుకి డబ్బుల్లేవని ఆగకండి, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, ఫోన్ 15100. పెద్దమనుషుల ముందు చేతికిచ్చిన డబ్బుకి సాక్ష్యం ఉండదు. ఇచ్చేవాళ్లయినా తీసుకునేవాళ్లయినా బ్యాంకులోనే నడపండి.

కట్టలేక రాత్రిళ్లు నిద్రపట్టని మగవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. ఉద్యోగం పోయిందనో, యాక్సిడెంట్ అయిందనో కట్టడం ఆపేసి, ఆర్నెల్ల తర్వాత వారంట్ వచ్చాక టెన్షన్‌తో పరిగెత్తుకొస్తారు. బాబూ, పరిస్థితి మారితే మనోవర్తి తగ్గించమని అడగడానికి విడిగా సెక్షన్ ఉంది, పాత 127, ఇప్పటి 146. ఉద్యోగం పోయిన వారమే రండి. ఆపేసి దాక్కుంటే జడ్జిగారికి మీరూ, గృహప్రవేశంలో దొరికిన ఆయనా ఒకేలా కనపడతారు.

సోమవారం వచ్చిన ఆవిడ పిటిషన్ బుధవారం వేశాం, పన్నెండు నెలలకి. పాతదానికి సివిల్ పక్క కాగితాలు సిద్ధం చేస్తున్నాం. భర్త పనిచేసే రైస్ మిల్లు అడ్రసు కావాలన్నాను. తను కనుక్కుంటానంది, ఆడపడుచుని మాత్రం అడగనంది.