గప్పీ తల్లి మీద కోపం వద్దు

చిరంజీవులు అమ్ములుకూ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో అమ్ములు ఏడుపు గొంతుతో అడిగింది: "తాతయ్యా, మా తొట్టిలో గప్పీ చేప పిల్లల్ని పెట్టింది. పొద్దున బోలెడు ఉన్నాయి. బడి నుంచి వచ్చేసరికి రెండే మిగిలాయి. వాళ్లమ్మే తినేసిందట. అది చెడ్డ అమ్మా?" ఇది ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ కలిసి కూర్చుని చదవండి.

మీరు పొదుగు కోడిని చూసి ఉండరు. మా అమ్మ గంపలో ఊక పోసి, గుడ్లు పేర్చి, కోడిపెట్టను వాటి మీద కూర్చోబెట్టేది. నాలుగు గింజలు తిని రావడానికి తప్ప అది లేచేది కాదు. 21 రోజులకు పిల్లలు బయటికి వచ్చేవి. గప్పీని కూడా అలాంటి పెట్టే అనుకోండి. కాకపోతే దాని గంప కడుపులోనే ఉంది. గుడ్లు లోపలే ఉంటాయి. గుడ్డులోని సొనతోనే పిల్ల పెరుగుతుంది. దాదాపు నాలుగు వారాలకు ఈత నేర్చిన పిల్లే నేరుగా నీళ్లలోకి వస్తుంది. తల్లి పొట్ట వెనక, తోక వైపు, ఒక నల్లటి మచ్చ ఉంటుంది చూడండి. రోజులు నిండేకొద్దీ అది పెద్దదై ముదురుతుంది, పొట్ట పలకగా తయారవుతుంది. లేత రంగు చేపైతే ఆ మచ్చలో సన్నని చుక్కలు కూడా కనిపిస్తాయి. అవి పిల్లల కళ్లు!

గంప ఖాళీ అయ్యాక మాత్రం కోడి దారి వేరు, గప్పీ దారి వేరు. కోడి పిల్లల్ని రెక్కల కింద పొదువుకుంటుంది. గప్పీకి తన పిల్ల అనే గుర్తింపే లేదు. నోటి ముందు చిన్నది ఏది కదిలినా దానికి మేతే. నీళ్లలో దోమ పురుగును పట్టేదీ ఆ చూపే. దాని దగ్గరి చుట్టం గంబూసియా చేపను మన ఊళ్లలో దోమల కోసం బావుల్లోనూ గుంటల్లోనూ వదిలేది ఆ చూపును నమ్ముకునే. కాబట్టి అమ్ములూ, అది చెడ్డ అమ్మ కాదు. పిల్లల్ని కాచే పని దానిది కాదు, అంతే. మీ తొట్టిలో ఆ పని మీది.

గద్ద తిరిగితే మా అమ్మ కోడిపిల్లల్ని గంప కింద మూసేది. మీరు మూయవలసిన గంప నాచు. జావా మాస్, హార్న్‌వర్ట్ అని దుకాణంలో దొరుకుతాయి, ఒత్తుగా వేయండి. పిల్లలు అందులో దూరితే పెద్ద చేప నోరు అక్కడికి చేరదు. దుకాణాల్లో వల పెట్టెలు కూడా అమ్ముతారు. అందులో తల్లిని బంధించడం నాకు ఇష్టం లేదు, నిండు చూలాలు బెదిరిపోతుంది. పిల్లలు పుట్టాక వాటినే అందులోకి మార్చండి. ఫిల్టరు మూతికి స్పాంజి తొడగండి, లేకపోతే పిల్లల్ని లాగేసుకుంటుంది.

కోడిపిల్లలకు నూకలు వేసినట్టు వీటికి ఉడికించిన గుడ్డు పచ్చసొన వేయాలి. చిటికెడు సొనను పలుచని గుడ్డలో కట్టి నీళ్లలో పిసికితే మబ్బులా విడుతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు, ఆ కొంచెమే. ప్రేమకొద్దీ ఎక్కువ వేస్తే నీళ్లు కుళ్లి పిల్లలు చచ్చిపోతాయి. కుళాయి నీళ్లు ఒక రోజు బకెట్లో మూత లేకుండా ఉంచి, క్లోరిన్ పోయాకే పోయండి. నీళ్లన్నీ ఒక్కసారే మార్చవద్దు, నాలుగో వంతు చాలు.

కొరమీను సంగతి చెప్పకపోతే నాకు తోచదు. వానలకు మా ఊరి చెరువు నిండాక గట్టు పక్కన నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు తేలేది. బుడబుడమని అన్నీ ఒకేసారి గాలి పీల్చి మునిగేవి. వాటి కిందే నల్లగా పెద్ద కొరమీను కాపలా. కప్ప దగ్గరికి వస్తే ఎగిరి పడేది. పిల్లలతో ఉన్న చేప గాలాన్ని కూడా ఇట్టే కొరుకుతుంది, పట్టడం చాలా తేలిక. అయినా మా తాత పట్టనిచ్చేవాడు కాదు. "దాన్ని పట్టావంటే ఆ గుంపంతా పోయినట్టే" అనేవాడు. తేలిగ్గా దొరికిందని ప్రతిదాన్నీ పట్టకూడదని నాకు అప్పుడు తెలిసింది, మీరూ గుర్తుంచుకోండి.

ఒక చేప పిల్లలకు కాపలా కాస్తుంది, ఒక చేప కాయదు. అయినా రెండు జాతులూ బతుకుతూనే ఉన్నాయి! గప్పీ ఒక్కసారి మగచేపతో కలిస్తే చాలు, ఆ తరవాత మగచేప లేకపోయినా నెలల తరబడి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. ఎక్కడో వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవి వాగుల్లోని చేప ఇది. గప్పీ అనే ఆయన అక్కడి నుంచి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి పంపితే 1866లో దీనికి ఆయన పేరు పెట్టారు, వాడుకలో అదే నిలిచింది. ఇవాళ మీ బల్ల మీద ఉంది. పిల్లలు ఎక్కువైతే స్నేహితులకు ఇవ్వండి గానీ, కాలవలోనో చెరువులోనో వదలకండి. అక్కడి చేపల మేతను ఇవి తినేస్తాయి.

ఈసారి మచ్చ ముదరగానే, సెలవు రోజైతే, తొట్టి ముందు కూర్చోండి. అద్దం మీద కొట్టవద్దు. పిల్ల ముడుచుకుని బయటపడుతుంది, ఒక్క క్షణం కిందికి జారుతుంది, ఒళ్లు చాచి ఈదేస్తుంది. తల ముందు వచ్చిందో, తోక ముందు వచ్చిందో బాగా చూసి నాకు రాయండి.

మీ తాతయ్య